ఖలందర్ రాసిన నూట నలభై అయిదు

నరసరావుపేట శివార్లలోని తవుడు నూనె మిల్లులో ఖలందర్ ఇరవై మూడేళ్లు బాయిలర్ నడిపాడు. నూనె ఎవరు తీస్తారో ఊరందరికీ తెలుసు గానీ, ఆవిరి ఎవరు పుట్టిస్తారో అడిగిన పాపాన పోయిన వాడు లేడు. అతనూ పట్టించుకోలేదు. మంట రంగు చూసి పొయ్యిలో వేసే ఊక తడిసిందో లేదో చెప్పేవాడు, అది చాలు అతనికి.

మిల్లు యజమాని చెన్నకేశవరావుది, ఖలందర్‌ది గురజాల పక్కన ఒకే ఊరు. చిన్నప్పటి నుంచీ ఆయన ఇతన్ని తమ్ముడూ అనేవాడు, ఇతను అన్నయ్యా అనేవాడు. పంచాయతీ ఎన్నికలప్పుడు ఆ పిలుపు మరికాస్త తియ్యగా వినపడేది.

రెండేళ్ల కిందట బాయిలర్‌కు కొత్త ఎయిర్ ప్రీహీటర్ బిగించారు. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. చిమ్నీకి పోయే పొగ ఇనుప గొట్టాల్లోంచి పోతుంది, పొయ్యిలోకి వెళ్లే గాలి ఆ గొట్టాల చుట్టూ తిరిగి వేడెక్కుతుంది. గాలి వేడిగా వస్తే తడి ఊక కూడా మారుమాట లేకుండా మండుతుంది. ఊక ఖర్చు తగ్గుతుంది. చెన్నకేశవరావుకు ఆ చివరి ముక్క ఒక్కటే చెవికెక్కింది.

అమ్మిన కంపెనీవాళ్లు ఒక షరతు పెట్టారు. గొట్టాలు దాటి బయటికొచ్చే పొగ నూట నలభై డిగ్రీలకు తగ్గకూడదు. ఊకలో బొగ్గు కలిపి కాలుస్తారు కదా, ఆ పొగ మరీ చల్లారితే గొట్టాలకు చెమట పడుతుంది. ఆ చెమట నీళ్లు కాదు, ఆసిడ్. ఇనుమును తినేస్తుంది. అందుకే మిల్లు సగం పనిమీద నడిచే రోజుల్లో ఖలందర్ బైపాస్ తలుపు తీసి, చల్లగాలిలో కొంత గొట్టాలకు తగలకుండా పక్కదారిన పంపేవాడు.

చెన్నకేశవరావు ఒకరోజు వచ్చి చిమ్నీ మొదలు దగ్గర చెయ్యి చాపి సెగ చూశాడు. వేడి ఆకాశానికి దానం చేస్తున్నావా అన్నాడు. బైపాస్ తలుపు మూయించి, బైండింగ్ వైరుతో తనే కట్టాడు. చిమ్నీ ఎంత చల్లగా ఉంటే మిల్లుకు అంత లాభమని ఆయన లెక్క. ఆయనే కాదు, ఈ చుట్టుపక్కల మిల్లుల వాళ్లంతా ఆ మాటే చెప్పుకుని మురుస్తారు.

థర్మామీటరు నూట పదికి దిగింది. ఖలందర్ మూడుసార్లు వెళ్లి చెప్పాడు. మూడోసారి చెన్నకేశవరావు, గంటగంటకూ వేడి రాసిపెట్టే లాగ్‌బుక్కు తన ముందుకు లాక్కున్నాడు.

"నూట నలభై అయిదని రాయి తమ్ముడూ. రేపు వారంటీ అడగాలంటే బుక్కు సరిగ్గా ఉండాల. నేను లేనా ఏంది?"

ఖలందర్ రాశాడు. ఇక్కడే నాకు అతని మీద కోపం. ఇరవై మూడేళ్లు మంటకు భయపడని మనిషి, ఒక్క పిలుపుకు లొంగిపోయాడు. గంటకోసారి, పద్నాలుగు నెలలు, అదే అంకె.

శ్రావణంలో గొట్టాలు చిల్లులు పడ్డాయి. పొయ్యికి పోవాల్సిన గాలి ఆ చిల్లుల్లోంచి పొగలో కలిసి చిమ్నీకి పోయింది. మంట నీరసించి, ఆవిరి పడిపోయి, మిల్లు ఆగింది. కంపెనీ ఇంజనీరు వచ్చి గొట్టం ముక్క ఒకటి కోయించాడు. లోపలంతా పొరలు పొరలుగా తుప్పు. లాగ్‌బుక్కు తిరగేసి, ఈ వేడిలో ఇలా తినెయ్యడం జరగదని, నిజంగా నూట నలభై అయిదు చూశావా అని ఖలందర్‌ను అడిగాడు.

చెన్నకేశవరావు పక్కనే ఉన్నాడు. చూశానంటే వారంటీ కోసం వాదించడానికి ఆయనకు దారి దొరికేది. కానీ ఆ గొట్టం ముక్క చేతిలో పెట్టుకుని అబద్ధమాడటం ఖలందర్ వల్ల కాలేదు. సిగ్గేసింది.

"చూళ్లేదు సార్. రాశాను."

ఎవరు రాయమన్నారో చెప్పేదాకా చెన్నకేశవరావు ఆగలేదు.

"విన్నారుగా. దొంగరాతలు రాసింది ఇతను. మేం చదువుకున్నోళ్లమా, ఇతను రాసిందే నమ్మాం."

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న. తమ్ముడు కాస్తా అందరి ముందూ ఇతను అయిపోయాడు. ఖలందర్ నోరు తెరిచాడు గానీ, అన్నయ్య పేరు పెట్టి నింద వేయలేక గొట్టం ముక్క కింద పెట్టేశాడు. ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు.

ఇంట్లో రజియా ఏడవలేదు, తిట్టింది. ఆయన రాయమన్నాడని అక్కడే ఎందుకు చెప్పలేదని అడిగింది. చెబితే నమ్మేదెవరని అతను అన్నాడు. నమ్మకపోతే పోయారు, నీ చెవులన్నా వినేవి గదా అంది రజియా. ఆమె చెప్పిందే నిజం.

నెల తిరక్కుండా పిడుగురాళ్ల దారిలో ఇంకో మిల్లుకు బాయిలర్ మనిషి కావాలంటే వెళ్లాడు. మేనేజరు మర్యాదగానే కూర్చోబెట్టాడు, మంచినీళ్లిచ్చాడు, అనుభవం అడిగాడు. ఖలందర్ ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే మధ్యలో ఫోను తీసి ముందు పెట్టాడు. లాగ్‌బుక్కు పేజీ ఫోటో, పైనుంచి కిందిదాకా నూట నలభై అయిదు. ఈ చుట్టుపక్కల మిల్లుల వాళ్ల గ్రూపులో తిరుగుతోందట.

"ఈ రాత నీదేనా?" అని అడిగాడు మేనేజరు.

పాత పని సంగతి అడిగితే రాయించిందెవరో ఈసారైనా చెప్పాలని ఖలందర్ వచ్చేదారంతా అనుకుంటూనే వచ్చాడు. మేనేజరు వెనక గోడ మీద ఫోటోలో, ఈ మిల్లు యజమాని భుజమ్మీద చెయ్యి వేసి చెన్నకేశవరావు నవ్వుతున్నాడు.

"నాదే" అన్నాడు ఖలందర్.