అక్క ఇచ్చిన కోడి

వీధిలో అందరూ ఆమెను కోళ్ళత్త అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఎవరికీ గుర్తులేదు, ఆమెకూ దానితో పెద్దగా పని పడలేదు. హాస్టల్లో వంట చేసి చేసి భుజాలు పడిపోయిన మనిషి. సాయంత్రం కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా నేరుగా పెరట్లోకి పోతుంది. అక్కడ పన్నెండు కోళ్ళు మెడలు సాచి ఆమె కోసం చూస్తుంటాయి.

కోళ్ళ పెంపకం ఎవరైనా చెయ్యొచ్చు అనేవాళ్ళని చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది. నాలుగు గింజలు చల్లితే సరిపోతుందా? హాస్టల్ నుంచి కూరగాయల తొక్కలు తెస్తుంది గానీ, ఉప్పూ నూనే తగిలిన మెతుకు ఒక్కటి వాటి ముందు వెయ్యదు. గుడ్డు పెంకులు ఎండబెట్టి, నూరి మేతలో కలుపుతుంది. లేకపోతే పెంకు గట్టిపడదు. గూట్లో ఊక తడిసిందంటే ఎంత ఒళ్ళునొప్పులున్నా ఆరోజే మార్చాల్సిందే. గూడు నేలకు ఎత్తుగా ఉండాలి, గాలి పైనుంచి ఆడాలి, చుట్టూ వేలు దూరనంత సన్నని ఇనుపవల ఉండాలి. పందికొక్కుకు మనకంటే ఓపిక ఎక్కువ అంటుంది, విసుగ్గా. ఇక కొత్త కోడి వచ్చిందంటే మూడు వారాలు విడిగా ఉంచాలి. ఈ మాట అడిగినవాళ్ళకీ చెప్పేది, అడగనివాళ్ళకీ చెప్పేది.

అలాంటిది, ఆ నియమం ఆమే తప్పింది. అదీ అక్క మూలాన.

అక్కాచెల్లెళ్ళకు ఏడేళ్ళుగా మాటల్లేవు. తల్లి మంచాన పడినప్పుడు ఎవరెక్కువ చాకిరీ చేశారన్న దగ్గర మొదలైన గొడవ, తల్లి పోయాక కూడా ఆగలేదు. ఆ అక్క ఒక ఆదివారం చంకలో ఎర్రకోడితో గుమ్మంలో నిలబడింది.

"మా ఇంట్లో పుట్టిన పెట్ట. నీకు ఇష్టం కదా అని తెచ్చా," అంది.

తప్పు నాదే అని నోరు తెరిచి చెప్పే మనిషి కాదు అక్క. కోడిని తేవడమే ఆవిడకు చేతనైన రాజీ. చెల్లెలికి కళ్ళు చెమర్చాయి. కోడిని అందుకుని, అలవాటు కొద్దీ వంటింటి వెనక పాత బుట్ట కింద మూసింది. టీ తాగుతున్న అక్క గ్లాసు ఠక్కున కింద పెట్టింది.

"ఏమే, నా కోడిని వెలేశావా?"

"అది కాదక్కా. కొత్త కోడికి ఏదైనా రోగముంటే…"

"మా ఇంట్లోంచి రోగం తెచ్చాననా? ఇన్నేళ్ళకు గడప తొక్కితే ఇదా మర్యాద?" అంటూ అక్క చెప్పులు వెతుక్కోసాగింది.

మళ్ళీ ఇంకో ఏడేళ్ళు పోట్లాడే ఓపిక చెల్లెలికి లేదు. పోనీలే అనుకుని బుట్ట ఎత్తింది. ఎర్రకోడి తుర్రుమని వెళ్ళి మందలో కలిసింది. అక్క మళ్ళీ కూర్చుని గ్లాసు అందుకుంది.

కోళ్ళకు టీకా చుక్కలు వేయించే గడువు అప్పటికే దాటిపోయింది. మోకాళ్ళ నొప్పితో పశువుల ఆసుపత్రిదాకా వెళ్ళలేక ఆమె రేపూ మాపూ అంటూ వచ్చింది. కొద్దిరోజులకే ఒక కోడి మెడ వంకరపోయింది. తర్వాత మిగతావీ మేత ముట్టడం మానేశాయి, పచ్చగా రెట్టవేస్తూ రెక్కలు వాల్చి మూలన కూర్చున్నాయి. పశువుల డాక్టరు వచ్చి, "కొత్త కోడిని గానీ కలిపారా అమ్మా?" అనడిగాడు. ఆమె ఎర్రకోడిని చూపించింది. "ఒక్కోసారి పైకి బాగానే ఉన్న కోడే రోగాన్ని మోసుకొస్తుంది," అన్నాడు. చచ్చినవాటిని లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చమన్నాడు. పనికి వెళ్ళేముందు రోజూ గొయ్యి తవ్వి తవ్వి అరచేతులు బొబ్బలెక్కాయి. ఏడుద్దామన్నా ఓపిక లేకపోయింది. చివరికి ఎర్రకోడి ఒక్కటే మిగిలింది.

అక్క మళ్ళీ వచ్చి, ఖాళీ గూడు చూసి గుండెలు బాదుకుంది. చెల్లెలి చేతులు ఒళ్ళోకి తీసుకుని నూనె రాయసాగింది. ఇంతలో ఎర్రకోడి కంటబడింది.

"చూశావా! నీవన్నీ పోయినా నాది రాయిలా నిలబడింది. మా ఇంటి కోడంటే ఏమనుకున్నావు! బాధపడకే, ఇంకో నాలుగు తెస్తాలే."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అక్క మాత్రం వంచిన తల ఎత్తకుండా బొబ్బల చుట్టూ మెల్లగా నూనె అద్దుతోంది. ఆమె ఆ మాట మింగేసింది.

"తే అక్కా. కాకపోతే రెండు నెలలాగి తే. గూడు కడిగి సున్నం కొట్టాలి. తెచ్చాక కూడా చుక్కలు వేయించి, మూడు వారాలు విడిగానే ఉంచుతా. మా పెరట్లో ఏం రోగముందో ఏమో, నీ కోళ్ళకి అంటకూడదుగా."

"అదీ మాట! నా కోళ్ళంటే ఎంత ప్రేమే నీకు!" అక్క మురిసిపోయింది.

కోళ్ళత్త నివ్వెరపోయి చూసింది. ఇదే మాట ఆ ఆదివారం నోటికి వచ్చి ఉంటే అక్కా నొచ్చుకునేది కాదు, పన్నెండు కోళ్ళూ బతికేవి.