నేను తట్టిన తలుపు

ఇరవై ఏళ్ళకు పైగా ఒక మనిషిని గుండెల మీద మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

పైచదువుకు వెళ్ళిన దేశంలోనే స్థిరపడి, అక్కడి సైన్యంలో నా అంతట నేనే చేరాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆఫీసరునయ్యాను. ఆ సైన్యం ఒక పరాయి దేశాన్ని ఆక్రమించినప్పుడు నన్నొక చిన్న పట్నంలో వేశారు. ఇళ్ళ సోదాలకు నన్నే ముందు నడిపించేవారు. కారణం నా రంగు. తెల్లవాళ్ళు తడితే తెరుచుకోని తలుపులు నన్ను చూసి తెరుచుకునేవి. ఆ సంగతి తెలిసే వాడుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం గర్వపడ్డాను కూడా.

ఒక ఉదయం యూసుఫ్ అనే లెక్కల మాస్టారి తలుపు తట్టాను. నన్ను చూసి నవ్వాడు. లోపలికి రమ్మని టీ ఇచ్చాడు. తాగాను. ఐదు నిమిషాలు, కొన్ని ప్రశ్నలంతే అని దుబాసీ చేత చెప్పించి వెంట తీసుకెళ్ళాను. మేము వెతికే మనిషి ఈయన కాదేమోనని అప్పుడే అనుమానం వచ్చింది. నోరు విప్పలేదు. ఎందుకు? భయమా? కాదు. పట్టుకురావలసినవాళ్ళ జాబితా మధ్యాహ్నంలోగా పూర్తిచెయ్యాలన్న తొందర, అంతే. ఆయన్ను ఇంకో చోటికి తరలించారు. పదకొండు రోజులు ఆయన భార్య మా క్యాంపు గేటు దగ్గర నిలబడింది. ఆ పదకొండు రోజులూ నేను వెనక గేటు నుంచి తిరిగాను. ఆయన ఏమయ్యాడని ఎవర్నీ ఒక్కసారి కూడా అడగలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మ సింగపూరులోని సెంబవాంగ్‌లో పుట్టింది. తాత అక్కడి నేవల్ బేస్‌లో కూలీ. జపాను వాళ్ళు సింగపూరును పట్టుకున్నప్పుడు ఒక ఆఫీసరు మర్యాదగా తలుపు తట్టి ఆయన్ను తీసుకెళ్ళాడు. తాత మళ్ళీ రాలేదు. పోయిన తిథి తెలియదు కాబట్టి ఏటా మహాలయ అమావాస్య నాడు నువ్వులు, నీళ్ళు వదులుతాం. అమ్మకు అన్నదమ్ములు లేరు. నేను సైన్యం వదిలి సింగపూరుకు తిరిగొచ్చినప్పటి నుంచి ఆ పని నాదే. ఈ కథ వింటూ పెరిగినవాణ్ణి కదా, యూసుఫ్ గుమ్మంలో నిలబడినప్పుడు గుర్తు రాలేదా? వచ్చింది. వచ్చినా ఆగలేదు.

సైన్యంలో కాగితాల పని చేశానని అమ్మకు చెప్పాను. "ఎవరి కొంపా ముంచలేదు, అది చాలు లా" అంది, మాట చివర సింగపూరు వాళ్ళ 'లా' తగిలించి. నమ్మింది.

మొన్న అమావాస్య ఉదయం అమ్మ ఎప్పటిలాగే నువ్వుల గిన్నె నా ముందు పెట్టింది. చెయ్యి ముందుకు రాలేదు. అంతా చెప్పేశాను.

ఎనభై అయిదు దాటిన మనిషి. గోడ పట్టుకుని కుర్చీలో కూర్చుంది. కూర్చున్నాక అడిగింది.

"ఆయనకి పిల్లలున్నారట్రా?"

"ఒక కూతురమ్మా. మూడేళ్ళుంటాయేమో. ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు. నేనే వేళ్ళు విడిపించాను."

తాతను తీసుకెళ్ళినప్పుడు అమ్మకూ మూడేళ్ళే. ఆమె లేచి గిన్నె తీసుకుంది.

"మా నాన్నకి నువ్వు నీళ్ళు వదలొద్దు."

వారమైంది. నాతో మాట్లాడటం లేదు. వేళకు అన్నం మాత్రం పెడుతోంది. నేను చేసింది ఇప్పుడు అమ్మకు తెలుసు, మీకూ తెలుసు. కాస్త ఊపిరి ఆడుతోంది. అలా ఆడుతున్నందుకు కూడా సిగ్గుగానే ఉంది.