బావగారి మనిషికి నేనిచ్చిన విశ్రాంతి

కొత్త అల్లుళ్ళ అలకలు పట్టుపంచె దగ్గరో, పకోడీల్లో ఉప్పు దగ్గరో మొదలవడం మీరు చూసే ఉంటారు. మా బావగారి అలక వీడియో గేము దగ్గర మొదలైంది. ఆ ఉపద్రవానికి కారకుణ్ణి నేనే.

అమలాపురంలో డిగ్రీ చదివే రోజులు. అక్కను రాజోలు తీసుకెళ్ళడానికి బావగారు వచ్చారు. కూతుర్ని ఇంకో వారం ఉంచుకోవాలని అమ్మ ఆశ. అడిగేలోగా ఆయన్ను సంతోషపెట్టే పని నాకు అప్పగించింది. "ఎక్కడికి తీసుకెళ్తావో నాకు తెలీదు. నవ్వుతూ రావాలాయన," అంది.

గేముల షాపుకి తీసుకెళ్ళాను. ఆ ఆటలో చెరో ముగ్గురు యోధులు. బరిలో ఒక్కడే ఉంటాడు, మిగతావాళ్ళు బయట కూర్చుని సత్తువ కూడగట్టుకుంటారు. ఒక తన్ను ఉంది. అది తగిలితే ఎదుటివాడి మనిషి బయటికి ఎగిరిపోతాడు, బయటున్నవాడు లోపలికి రావాల్సిందే. ఆ తన్నులో నేను పండితుణ్ణి.

బావగారు ఒక మీసాలాయన్ను దింపారు. నేనెంత చేతకానివాడిలా ఆడినా ఆ మీసాలాయన పంక్తికి ఆలస్యమైన చుట్టంలా పరిగెత్తుకొచ్చి నా గుద్దుల మీద పడేవాడు. ప్రాణం గోరంత మిగిలింది. ఇంటికొచ్చిన అల్లుడు నీరసిస్తే మంచం వేసి పడుకోబెట్టమూ? నేనూ అదే మర్యాద చేశాను. ఒక్క తన్నుతో మీసాలాయన్ను విశ్రాంతికి పంపి, తాజా మనిషిని రప్పించాను. వాడూ నీరసించాడు. మళ్ళీ తన్నాను.

బావగారు జాయ్‌స్టిక్ వదిలేశారు.

"నా మనిషి ఎప్పుడు దిగాలో మీరు చెప్తారేంటండీ?"

"అలిసిపోయేడని, బావగారూ..."

"అలిసిపోయేనని మీతో చెప్పేడా?"

మా వైపు బావ బావమరిదిని 'మీరు' అన్నాడంటే వ్యవహారం చెడిందన్నమాటే.

ఇంటికొచ్చి ఆయన కాఫీ ముట్టలేదు. అమ్మ నన్ను చూసిన చూపుకి పచ్చి కొబ్బరిమట్టలైనా అంటుకునేవి. సంగతి విన్న అక్క నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. అమ్మే గుండె దిటవు చేసుకుని, అమ్మాయిని ఇంకో వారం ఉంచుతారా అని అడిగింది.

"ఆయ్, ఉంచండత్తయ్యగారూ. పాపం అలిసిపోయింది, విశ్రాంతి తీసుకోనివ్వండి," అంటూ బావగారు నా భుజం మీద చెయ్యేశారు. అప్పుడు నవ్వారు. "తన బదులు వీడు దిగుతాడు."

రాజోలులో వారమంతా బావగారి అమ్మగారి వంటింట్లో కొబ్బరి కోరాను. ఆవిడకి పచ్చడికీ కొబ్బరే, కూరకీ కొబ్బరే. నన్ను బయటికి తన్ని ఇంకొకణ్ణి రప్పించే పుణ్యాత్ముడు రాలేదు. అక్కడే, కొబ్బరి కోరే కోరాము సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఎదుటివాడి మనిషి బరిలో ప్రాణాలు వదులుతున్నా సరే, కుశలం కూడా అడగను.