రజియా బేగం ఇంట్లో కిరాయిదారులు లేరు

నేను కరీంనగర్‌లోని ఒక విశ్వవిద్యాలయానికి అసిస్టెంట్ రిజిస్ట్రార్‌గా వచ్చింది కరోనా తగ్గిన మరుసటి ఏడాది. నా అసలు పని పరీక్షల విభాగం. విదేశీ విద్యార్థుల సలహాదారు అనే అదనపు బాధ్యత కూడా నా నెత్తిన పెట్టారు. హోదా పేరు పెద్దది, గది లేదు, గుమాస్తా లేడు. విదేశీ విద్యార్థులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే కాబట్టి పని ఉండదన్నారు. ఆ మాట అన్నవారిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

విదేశీయులు ఇక్కడ చదవాలంటే వీసా ఒక్కటే చాలదు. జిల్లా పోలీసు కార్యాలయంలో పేరు నమోదు కావాలి. ఎవరింట్లో ఉంటే ఆ ఇంటివాళ్లు ఒక రోజులోగా పోలీసులకు తెలియజేయాలి. దాన్ని సి ఫారం అంటారు. చిరునామా మారితే కథ మళ్లీ మొదటికే.

సూడాన్ నుంచి వచ్చిన అమల్ అప్పుడు ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్‌లో ఉంది. వాళ్ల ఊళ్లో యుద్ధం నడుస్తోంది, తిరిగి వెళ్లడానికి ఇల్లు కూడా మిగల్లేదు. రంజాన్ నెలలో హాస్టల్ మెస్‌లో తెల్లవారుజామున వండేవాళ్లు లేక, ఊళ్లో బట్టల దుకాణం నడిపే రజియా బేగం ఇంటికి మారింది. నెల ముగిసినా ఆవిడ పోనివ్వలేదు. మాకెవరూ చెప్పలేదు.

ఆ తర్వాత పోలీసులు తనిఖీకి హాస్టల్‌కు వెళ్లారు. ఖాళీ చేసి పోయిందని చెప్పి వార్డెన్ ఊరుకుంది. సరిగ్గా పరీక్షల ముందు అమల్‌కు ఉత్తర్వు వచ్చింది. నమోదైన చిరునామాలో లేదు కాబట్టి వీసా రద్దు, దేశం విడిచి వెళ్లాలి. వీసా లేనివారికి హాల్ టికెట్ ఇవ్వకూడదు. ఆ నిబంధన అమలు చేయాల్సింది కూడా నేనే. వార్డెన్‌ను నిలదీస్తే, "యాడికి పోయిందని ఆయన అడగలే కద మేడం" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మళ్లీ ఒకసారి తనిఖీ చేయండని హైదరాబాద్ దాకా ఎంతమందిని బతిమాలానో నాకే తెలుసు. చివరికి ఒక కానిస్టేబుల్ రజియా బేగం ఇంటికి వెళ్లాడు. అమల్ అప్పుడు లైబ్రరీలో ఉంది. సాయంత్రం అతను నాకు ఫోన్ చేశాడు.

"మీ ఇంట్ల కిరాయికి ఎవలన్న ఉంటున్నరా అని అడిగిన మేడం. ఎవ్వలు లేరన్నది. ఇగ నేనేం రాయాలె?"

మరుసటి ఉదయం ఆ ఇంటి ముందు ఆటో దిగేసరికి నా కోపం నషాళానికి అంటింది. రజియా బేగం కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, ఆ తర్వాతే నన్ను మాట్లాడనిచ్చింది. పిల్లను ఎందుకు దాచారని అడిగాను.

"దాచుడేంది మేడం? కిరాయికి ఉన్నరా అన్నడు, లేరన్న. ఇంటికొచ్చిన మెహమాన్ తాన కిరాయి తీసుకుంటే నలుగుర్ల నా ఇజ్జత్ ఏంగావాలె?"

సి ఫారం సంగతి అమల్ ముందే చెప్పిందట. ఈవిడే వద్దంది. ఇంటికొచ్చిన ఆడపిల్ల పేరు పోలీసులకు ఎవరైనా రాసిస్తారా అని నన్నే ఎదురడిగింది. నాది ఆదిలాబాద్ దగ్గర ఇచ్చోడ, ఇంటికొచ్చినవాళ్లను మా ఊళ్లోనూ అలాగే చూసుకుంటారు. ఆవిడ మాట నాకు అర్థం కాకపోలేదు, అందుకే ఇంకా చిరాకు వేసింది. రాసివ్వకపోతే ఆ పిల్లను యుద్ధంలోకి పంపేస్తారని చెప్పాను. ఆవిడ లేచి, బుర్ఖా వేసుకుని, నాతో ఆటో ఎక్కింది.

పోలీసు కార్యాలయంలో కిరాయి ఒప్పందం అడిగారు. లేని కిరాయి రాయనని ఆవిడ, ఒప్పందం లేకుండా కుదరదని గుమాస్తా. మధ్యాహ్నం దాకా వాళ్లిద్దరి మధ్య నేను నలిగాను. ఆఖరికి, అతిథిగా ఉంటోంది, కిరాయి లేదు అని ఆవిడ ఉర్దూలో సంతకం చేసిన పత్రానికి ఇన్‌స్పెక్టర్ ఒప్పుకున్నాడు. రద్దును వెనక్కి తీసుకున్నారు. ఆ ఉత్తర్వు వచ్చేసరికి పరీక్షలు సగం అయిపోయాయి. పోయిన పేపర్లు సప్లిమెంటరీలో రాసి, అమల్ ఒక సెమిస్టర్ ఆలస్యంగా డిగ్రీ తీసుకుంది. తప్పు చేయని పిల్లకు అది అన్యాయమే.

ఈ వ్యవహారంలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి అందరూ సరిగ్గానే జవాబిచ్చారు, నా ప్రాణం తీసింది అదే. పదవీ విరమణ చేసేదాకా నేను ఏ విదేశీ విద్యార్థినీ ఎక్కడ కిరాయికి ఉంటున్నావని అడగలేదు. రాత్రి ఎవరింట్లో అన్నం తింటున్నావని అడిగాను.

ఈ గొడవ జరిగిన మరుసటి ఏడాది ఇంకో సూడాన్ అమ్మాయి చేరిన రోజున రజియా బేగమే ఫోన్ చేసింది.

"మేడం, పిల్ల గిప్పుడే ఆటో దిగింది. ఇంక చాయ్ గూడ తాగలే. గా పోలీసోళ్ల కాయితమేదో ముందు పంపుర్రి."