మామిడి రసానికి జారని పూత

బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, కాయలు కడిగే తొట్ల పక్కన స్టీలు రేకులు పరిచిన నడవా ఉంది. సీజన్‌లో దాని మీద ఎప్పుడూ నీళ్ళూ రసమూ పారుతుంటాయి. ఒకసారి కాయలు ఏరే అక్క ఒకామె అక్కడ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. చిత్తూరులో నాకు రంగులు తయారుచేసే చిన్న షెడ్డు ఉంది. ఆ వారమే మేనేజరు నన్ను పిలిపించాడు.

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను. రంగులో సన్న ఇసుక కలిపి పూయించాను. రోజూ వేడినీళ్ళతో కడిగేసరికి కొద్దిరోజులకే అది పొరలు పొరలుగా లేచిపోయింది.

“ఇది అయ్యే పని కాదులే మేడం. రబ్బరు పట్టాలు పరిచేస్తాం,” అన్నాడు మేనేజరు.

“పట్టాల కింద రసం చేరి పులిసిపోతాది సార్. ఇంకొకతూరి చూడనీండి,” అన్నాను.

అడిగానే గానీ, ఏం చెయ్యాలో నాకప్పటికి తెలీదు. స్టీలు ముక్కలు తెచ్చి ఒక్కోదానికి ఒక్కో రకం పూత వేశాను. రోజూ వాటి మీద గుజ్జు పోసి, వేడినీళ్ళతో కడిగి, చెప్పుకాలితో రుద్దేదాన్ని. పైపైన తుప్పు గీకినవన్నీ పాడయ్యాయి. మిషన్‌తో ఇసుక చిమ్మించి స్టీలును గరుకు చేశాక, ఎపాక్సీ అనే జిగురులాంటి గట్టి రంగు పట్టు వదల్లేదు. దాని మీద సానరాళ్ళలో వాడే గట్టి పలుకులు చల్లితే అవి రాలిపోయాయి. పైన మందంగా ఇంకో పొర వేస్తే, పలుకులు మునిగి మళ్ళీ నున్నగా అయింది. పలుకు కదలకుండా, మొన మాత్రం బయట ఉండేదాకా ఆ పొరను పల్చన చేసుకుంటూ పోయాను.

మరుసటి ఏడు కాయ దిగకముందే నడవాకంతా ఆ పూత వేయించాను. చెయ్యి బాగై పనిలోకి వచ్చిన అక్క దాని మీద అటూ ఇటూ నడిచింది.

“జారేది లేదు గానీ, అరికాలు మండతాదమ్మా. దినమంతా ఈడ నిలబడేది మేము గదా,” అంది.

లోపల ఉక్రోషం వచ్చింది. అయినా ఆమెలాగే అరిగిన రబ్బరు చెప్పులు వేసుకుని అక్కడ నిలబడ్డాను. కాసేపటికే దిగిపోయాను. మొత్తం గీకించి, ఇంకా సన్న పలుకుతో మళ్ళీ వేయించాను.

ఆ సీజనంతా అక్కడ ఎవరూ పడలేదు. కాయల ట్రాలీలు మలుపు తిరిగే మూలలో మాత్రం పూత అరిగింది. అది మామూలేనన్నాడు మేనేజరు.

“మనుషులు కూడా ఆ మూలనుంచే గదా సార్ నడిచేది,” అన్నాను. ఇప్పుడు చక్రాల కింద నిలిచే పూత కోసం పనిచేస్తున్నాను.