బయలు అన్న మాట

ఆ సంతరోజు ఉదయం కూడా సోములమ్మకు కాలు నిలవలేదు. వసారా నుంచి పొయ్యి దగ్గరకు, పొయ్యి దగ్గర నుంచి వసారాకు తిరుగుతూనే ఉంది; గడప మాత్రం దాటలేదు. ఆమె ఆడబిడ్డ కనక పసుపు కొమ్ముల గంప నెత్తిన పెట్టుకుని, వదినకు బదులుగా వాలు దిగిపోయింది.

ఇనుపరాయి మోసే గూడ్సు రైళ్ళు అరకు కొండలకు ఇంకా కొత్తగా ఉన్న కాలమది. సంతలో పసుపు అమ్మే చోటు సోములమ్మకు తల్లి నుంచి వచ్చింది. సంతలో కూర్చున్నవారిదే చోటు; మానేస్తే పక్కవారిది. నిరుడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, అక్కడే, జనం మధ్య, ఆమె గుండె ఉన్నట్టుండి డప్పులా మోగింది. ఊపిరాడలేదు. చచ్చిపోతున్నాననుకుని గంప వదిలేసి ఇంటికి పరుగెత్తింది. ముందు సంత మానింది, తర్వాత గెడ్డకు నీళ్ళకెళ్ళడం మానింది. గాలి సోకిందని మంత్రాలేసే ఊరి గురువు తాడు కట్టాడు. తాడూ ఉంది, భయమూ ఉంది. చలికాలం పోగానే కనకకు పెళ్ళి, కొండ అవతలి ఊరికి. ఆపైన ఆ చోటు ఎవరు కాస్తారు?

మన భాషలో 'నాకు భయం వేసింది' అంటాం. ఆ వాక్యంలో భయమే కర్త. మనిషి 'కు' తగిలించుకుని ఓ పక్కన ఒదిగి ఉంటాడు. సోములమ్మ వ్యాకరణం చదవలేదు కానీ, ఏడాదిగా ఆ వాక్యంలోనే కాపురం చేస్తోంది.

ఆ వారంలోనే, మలేరియా మందులివ్వడానికి ఊళ్ళోకి వచ్చిన డాక్టరు సర్వేశ్వరరావును, రైలు గ్యాంగులో పనిచేసే ఆమె భర్త గాసి బతిమాలి ఇంటికి తెచ్చాడు. డాక్టరు గుండె విన్నాడు, జరిగిందంతా అడిగాడు.

"గుండె గట్టిగానే ఉందమ్మా. మీకున్నది బయలు భయం."

సోములమ్మ ముఖం కందగడ్డలా అయింది. "అదేటి బాబూ ఆ మాట! బయలుకి రోజూ ఎల్తన్నాను. సీకట్నే, కనకతోటి. దానికి బయమేటి?"

కనక నోట్లో కొంగు కుక్కుకుంది. గాసి నేలచూపులు చూశాడు. విశాలమైన చోటుకూ, తెల్లవారుజామున చెంబుతో వెళ్ళే పనికీ మనవాళ్ళు ఒకే మాట వాడతారు. ప్రయాణానికి 'బయలుదేరడం' అన్నదీ ఆ మాట నుంచి పుట్టిందే. డాక్టరుకు కాస్త ఆలస్యంగా వెలిగింది. కానీ నవ్వలేదు.

"ఎంతదూరం వెళ్తారు?"

"ఇంటెనక తుప్పల దాకా. ఎవులూ సూడరు కదా."

"అయితే మీ మందు అక్కడే మొదలు. అదే తుప్పల దాకా వెలుగులో వెళ్ళండి. అలవాటయ్యాక గెడ్డ, ఆపైన రైలుగేటు, చివరికి సంత. మొదట కనకతో, తర్వాత ఒంటరిగా. భయం వస్తే ఇంటికి పరుగెత్తవద్దు. కొండవాన చూశారుగా, జోరుగా కొట్టి వెలిసిపోతుంది. వెలిసేదాకా నిలబడండి. పారిపోయారా, ఇల్లే కాపాడిందని మనసు నమ్ముతుంది."

"నిలబడి సచ్చిపోతే?"

"చావరు. భయం చంపదు, చంపుతానని బెదిరిస్తుంది, అంతే."

మర్నాటి నుంచి కనకకు వేళాకోళం దొరికింది. "వదినా, బయలుకేనా? బేగి రా!" తుప్పలు, గెడ్డ లొంగాయి. రైలుగేటు లొంగలేదు. ఒకరోజు అక్కడిదాకా వెళ్ళి వెనక్కి పరుగెత్తి, రోజంతా గోడ వైపు తిరిగి పడుకుంది. "ఏడుపెందుకే, రేపు గేటు ఎక్కడికీ పోదు" అంది కనక. మళ్ళీ వెళ్ళారు. ఇంతలో పెళ్ళయి కనక వెళ్ళిపోయింది.

తర్వాతి సంతకు సోములమ్మ ఒంటరిగా గంప ఎత్తింది. గేటు దగ్గర ఇనుపరాయి రైలు అడ్డం వచ్చింది. గుండె మోగింది, అరచేతులు తడిశాయి, పాదాలు వాటంతటవే ఇంటివైపు తిరిగాయి. గేటు స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. పెట్టెలు ఎంతకీ అయిపోవే! అయిపోయాయి. గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది, కాకపోతే మునుపటంత కాదు. నడిచింది.

సంతలో పక్కనే ఎండుచేపలమ్మే అప్పలనర్సమ్మ గంప అప్పటికే పసుపుచోట్లోకి సగం జరిగి ఉంది.

"ఏటే సోములమ్మా, ఒక్కర్తివే! ఎక్కడికే?"

"బయలుకి, పిన్నీ" అంది సోములమ్మ, గంప దింపుతూ. "జరుగు."