గుంత దగ్గర నా వంతు

షాద్‌నగర్‌లో మా వీధి మలుపున మోరీ కోసం తవ్విన గుంతకు నాలుగు బారికేడ్లుండేవి. నిన్న బతుకమ్మ ఆడటానికి జాగా చాలక ఒకదాన్ని మేమే పక్కకు జరిపాం. పొద్దున చూస్తే అది మాయం. కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే పెట్టడం వరకే తన పనన్నాడు. మున్సిపాలిటీవాళ్లు పెట్టినవాళ్లనే అడగమన్నారు.

సాయంత్రం ఆ ఖాళీలో సీతాఫలాలమ్మే అవ్వ గంపతో కూర్చుని ఉంది.

"నేను కూసున్నంతసేపు ఎవలూ పడరు బిడ్డా."

"మరి నువ్వు లేస్తే?"

"గందుకే నీకోసం చూస్తున్న. జర గీడ కూసో, చాయ్ తాగొస్త."

కూర్చున్నాను. గుంతలోని వాననీళ్లలో గులాబీ మబ్బులు కదులుతున్నాయి. వాటి మీద నిన్నటి తంగేడు పువ్వొకటి మెల్లగా తిరుగుతోంది. ఎంతసేపు చూశానో తెలియదు. అవ్వ ఇంకా రాలేదు.

మా వీధివాళ్లూ, లైకులు వద్దు. తర్వాతి వంతుకు ఎవరొస్తున్నారో చెప్పండి.